ముక్తినాథ్ వెళ్లడం సులువే, మనవరాలు తిరిగి వచ్చే దారి చూసుకున్నారా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నేను విశ్రాంత ఉపాధ్యాయినిని. వయసు 67, మావారికి 71. నేపాల్‌లోని ముక్తినాథ్ క్షేత్రం చూడాలని చాలా కాలంగా కోరిక. ఈసారి మా అబ్బాయి అమెరికా నుంచి కూతురితో వస్తున్నాడు. కోడలికి సెలవు దొరకలేదు. మా చెల్లెలు (58), కడపలో పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కొడుకు (15 నిండాయి) కూడా మాతో వస్తారు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి జీపులో సునౌలి సరిహద్దు దాటి పోఖరా, ముక్తినాథ్, ఖాట్మండు చూసుకుని అదే దారిన తిరిగి రావాలని అనుకున్నాం. పెద్దవాళ్లం ముగ్గురికీ పాస్‌పోర్టులు లేవు, ఆధార్ ఉంది. చెల్లెలి ఓటరు కార్డు ఎక్కడో పోయింది. అబ్బాయిది భారత పాస్‌పోర్టు, హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. మనవరాలికి 12 ఏళ్లు. అక్కడే పుట్టింది, అమెరికా పాస్‌పోర్టు. ఇక్కడికి రావడానికి ఈ-వీసా తీసుకున్నారు. యాత్రల ఏజెంటును అడిగితే "నేపాల్‌కు వీసా లేదమ్మా, అందరికీ ఆధార్ చాలు" అన్నాడు. నిజమేనా? వచ్చే ఏడాది భూటాన్ కూడా వెళ్లాలని ఉంది. అక్కడా ఇంతేనా?

సమాధానం: అమ్మా, మీ ఏజెంటు చెప్పినది మీకూ మీవారికీ వర్తిస్తుంది. మిగిలిన నలుగురికీ వర్తించదు. ఆరుగురు ఒకే జీపులో వెళుతున్నా, కాగితాల లెక్కలో మీది ఒక్క ప్రయాణం కాదు. సరిహద్దు అధికారి పెళ్లి పత్రికలాగా "సకుటుంబ సపరివార సమేతంగా" రండి అనడు. ఒక్కొక్కరి చేతిలో ఏ కాగితం ఉందో చూస్తాడు. పైగా మీ ఉత్తరం నిండా నేపాల్‌లోకి ఎలా వెళ్లాలన్న ప్రశ్నే ఉంది. మీ బృందంలో అసలు చిక్కు వెళ్లేటప్పుడు లేదు, వచ్చేటప్పుడు ఉంది. ఆ చిక్కు మీ మనవరాలిది. దాని గురించి తరువాత వివరంగా చెబుతాను. ముందు మీ పెద్దల సంగతి.

భారత పౌరులకు నేపాల్ వెళ్లడానికి వీసా అక్కరలేదన్నది నిజం. 1950లో రెండు దేశాలూ చేసుకున్న శాంతి, మైత్రి ఒప్పందం నాటి నుంచి ఆ సరిహద్దు మన వాళ్లకూ వాళ్లకూ తెరిచే ఉంది. అయితే వీసా లేదంటే గుర్తింపు పత్రం అక్కరలేదని కాదు. భారత పౌరుడిగా మీరెవరో చూపే కాగితం ఉండాలి. మన ప్రభుత్వం అందుకు ప్రధానంగా రెండింటిని ఒప్పుకుంటుంది: గడువులో ఉన్న పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఫొటో ఓటరు కార్డు. ఖాట్మండులోని మన రాయబార కార్యాలయం ఇచ్చే అత్యవసర పత్రాలు కూడా చెల్లుతాయి గానీ అవి అక్కడ కాగితాలు పోగొట్టుకున్నవారి కోసం. ఆధార్ ఈ జాబితాలో లేదు. బ్యాంకులో, రేషన్ దుకాణంలో, ఆసుపత్రిలో ఎక్కడ చూసినా ఆధార్ అడిగి అడిగి, అది ఉంటే చాలు ఎక్కడికైనా వెళ్లవచ్చన్న నమ్మకం మనలో కుదిరిపోయింది. ఆధార్ మీరెవరో చెబుతుంది, మీరు ఏ దేశ పౌరులో చెప్పదు. ఇక్కడ నివసించే విదేశీయులు కూడా ఆధార్ తీసుకోవచ్చు. అందుకే సరిహద్దు దగ్గర దానికి ఆ విలువ ఇవ్వలేదు.

ఒక మినహాయింపు ఉంది. 65 ఏళ్లు దాటినవారికీ 15 ఏళ్ల లోపు పిల్లలకూ పాస్‌పోర్టు, ఓటరు కార్డు తప్పనిసరి కాదు. వయసును, గుర్తింపును చూపే ఫొటో ఉన్న పత్రం ఏదైనా ఉంటే చాలు. పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, రేషన్ కార్డు వంటివి ముందు నుంచీ ఈ జాబితాలో ఉండేవి. 2019లో కేంద్ర హోం శాఖ ఈ రెండు వయసుల వారికి ఆధార్‌ను కూడా చేర్చింది. ఏజెంటు ఎక్కడో విన్నది ఇదే అయి ఉంటుంది. వయసు షరతు చెవిని పడలేదు, మిగతా సగం పడింది. కాబట్టి 67 ఏళ్ల మీరు, 71 ఏళ్ల మీవారు ఆధార్ కార్డులతో నిశ్చింతగా దాటవచ్చు. అయినా ఇంట్లో ఓటరు కార్డులు ఉంటే అవి కూడా సంచిలో వేసుకోండి. విమానం ఎక్కవలసి వస్తే, కౌంటరు దగ్గర కూర్చున్న పాతికేళ్ల కుర్రాడికి ఈ మినహాయింపు తెలిసి ఉండకపోవచ్చు. అతనితో వాదించే ఓపిక మీకు ఉన్నా విమానానికి ఉండదు.

చెల్లెలిగారి సంగతి వేరు. ఆమెకు 58. ఆధార్, పాన్ ఎన్ని ఉన్నా ఆమె మినహాయింపులోకి రారు. ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించే నియమం ఒకటి ఉంది. కుటుంబం అంతా కలిసి వెళ్లేటప్పుడు పెద్దవాళ్లలో ఒకరి దగ్గర పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే, మిగతావారు ఫొటోతో పాటు బంధుత్వాన్ని చూపే ఏదో ఒక పత్రంతో వెళ్లవచ్చన్నది ఆ నియమం. ఇది విని "మా అబ్బాయికి పాస్‌పోర్టు ఉంది కదా, అందరం అతని వెనకే వెళ్లిపోతాం" అనుకోవడం సహజం. కానీ ఆ నియమంలో కుటుంబం అంటే ఎవరో కూడా రాసి ఉంది: భర్త, భార్య, మైనర్ పిల్లలు, తల్లిదండ్రులు. అంతే. మన ఇళ్లలో పిన్ని, మేనల్లుడు లేకుండా కుటుంబం ఉండదు గానీ ఆ వాక్యంలో వాళ్లకు చోటు లేదు. మీ అబ్బాయికి మీ చెల్లెలు పిన్ని, మీ అమ్మాయి కొడుకు మేనల్లుడు. ఇద్దరికీ ఎవరి కాగితం వారికే కావాలి.

పోయిన ఓటరు కార్డుకు బదులు కొత్తది తెప్పించడం పెద్ద పని కాదు. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో గానీ, వాళ్ల ఫోను యాప్‌లో గానీ ఫారం 8 నింపాలి. చిరునామా మార్పుకూ, తప్పుల సవరణకూ, పోయిన కార్డుకు బదులు మరొకటి పొందడానికీ ఆ ఒక్క ఫారమే. చేతకాకపోతే మీ పోలింగ్ బూత్ స్థాయి అధికారిని అడగండి. సాధారణంగా ఆ వీధిలో తెలిసిన ఉపాధ్యాయురాలో, అంగన్‌వాడీ కార్యకర్తో అయి ఉంటారు. మీ పాత సహోద్యోగే కావచ్చు. ఎలక్ట్రానిక్ కార్డు ఫోనులో దింపుకోవచ్చు, కానీ సరిహద్దుకు దాన్ని నమ్ముకుని వెళ్లవద్దని నా సలహా. ఫోను చార్జింగ్ అయిపోయినా, తెర పగిలినా ఆమె ఎవరో చూపే దారి ఉండదు. అసలు కార్డు చేతికి వచ్చాకే ఆమె టికెట్ తీయండి.

కార్డు వచ్చాక దాని మీది పేరును ఆధార్‌తో పోల్చి చూడండి. మన వైపు ఈ తంటా ఎప్పుడూ ఉండేదే. ఓటరు కార్డులో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, రైలు టికెట్‌లో అసలు ఉండదు. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒక కార్డులో, తరువాతది మరో కార్డులో ఉన్న ఆడవాళ్లు ఎందరో. నేల మీది సరిహద్దు దగ్గర దీన్ని అంతగా పట్టించుకోరు. విమాన టికెట్ అయితే ఏ కార్డు చూపబోతున్నారో అచ్చం ఆ కార్డులో ఉన్నట్టే పేరు రాయించండి.

మనవడికి 15 నిండాయని రాశారు. అక్కడే వచ్చింది తేడా. ఆధార్ మినహాయింపు 15 నిండని పిల్లలకే. 15 నుంచి 18 మధ్య వయసు వారికి మరో దారి ఉంది: చదువుతున్న పాఠశాల ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం. ఆ నమూనా దొరకడం, దాని మీద ఫొటో అంటించి సంతకం, ముద్ర వేయించడం మీకు చెప్పనవసరం లేని పని, జీవితమంతా అలాంటి పత్రాలు రాసిచ్చిన చెయ్యి మీది. బడి సెలవుల్లో ప్రయాణం కాబట్టి బడి మూసేలోపే తీసుకోండి. తల్లిదండ్రులు వెంట రావడం లేదు గనుక, తాతా అవ్వలతో పంపుతున్నామని మీ అమ్మాయి, అల్లుడు రాసిచ్చిన ఉత్తరం ఒకటి దగ్గర ఉంచుకుంటే ఎవరైనా అడిగినప్పుడు మాట తడబడదు.

ఇంతకంటే మంచి పని ఒకటి చెబుతాను. చెల్లెలిగారికీ మనవడికీ పాస్‌పోర్టులే చేయించండి. కడపలోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, తిరుపతిలో పూర్తి స్థాయి సేవా కేంద్రం ఉంది. పెద్దలకు 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 18 లోపు వారికి 1,000. తొందర ఉంటే తత్కాల్‌కు అదనంగా 2,000. 15 దాటిన పిల్లలకు 18 ఏళ్ల వరకే కాకుండా పదేళ్ల గడువుతో తీసుకునే వెసులుబాటు ఉంది. అలా తీసుకుంటే పెద్దల రుసుమే కట్టాలి. రాయచోటి, కడప, ప్రొద్దుటూరు వీధుల్లో పాస్‌పోర్టు అనగానే కువైట్ గుర్తుకు రావడం, వెంటనే "ఈసీఆర్ ముద్ర పడుతుందా?" అన్న ప్రశ్న రావడం మామూలు. ఆ ముద్ర కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారిని చూసుకోవడానికి పెట్టినది. యాత్రకు దానితో పని లేదు. పైగా 50 దాటినవారికి అది వర్తించదు కాబట్టి చెల్లెలిగారు పదో తరగతి పాసయ్యారా లేదా అన్న చర్చ కూడా అక్కరలేదు.

మీ అబ్బాయి విషయం సులువు. భారత పాస్‌పోర్టు చూపి వెళ్లి, అదే చూపి వస్తాడు. ఒక్క మాట: ఖాట్మండు నుంచే నేరుగా అమెరికా విమానం ఎక్కేస్తే టికెట్ కలిసి వస్తుందని అతనికి తోచవచ్చు. నేపాల్ నుంచి మూడో దేశానికి వెళ్లే భారతీయుల దగ్గర ఖాట్మండులోని మన రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం అడిగే పద్ధతి ఉంది. యాత్రకు వచ్చి ఆ కార్యాలయం చుట్టూ తిరగడం ఎందుకు? ఇండియాకు వచ్చి ఇక్కడి నుంచే వెళ్లమనండి.

ఇక మనవరాలు. మీకు ఆమె మనవరాలు, నేపాల్‌కు ఆమె అమెరికా పౌరురాలు, భారతదేశానికి కూడా ఆమె అమెరికా పౌరురాలే. ఈ రెండో మాట అవ్వా తాతలకు కష్టంగా ఉంటుందని తెలుసు. విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం రావాలంటే పుట్టిన ఏడాదిలోగా అక్కడి మన కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి, బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నారు కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే. అందువల్ల మీ ఆరుగురిలో రెండు దేశాల వీసాలూ కావలసినది ఆమె ఒక్కతికే.

ముందు ఆమె చేతిలో ఉన్న ఈ-వీసా ఏ రకమో చూడండి. పర్యాటక ఈ-వీసాలో 30 రోజులది, ఏడాదిది, ఐదేళ్లది అని మూడు ఉన్నాయి. 30 రోజులదానితో రెండుసార్లు మాత్రమే దేశంలోకి రావచ్చు. ఇండియాలో దిగినప్పుడు ఒకటి ఖర్చవుతుంది, నేపాల్ నుంచి వచ్చేటప్పుడు రెండోది ఖర్చవుతుంది. అంతవరకు సరిపోతుంది. కానీ దిగిన నాటి నుంచి లెక్కించే ఆ 30 రోజులు నేపాల్‌లో ఉన్నప్పుడు కూడా కరుగుతూనే ఉంటాయి, పొడిగింపు ఉండదు. ఏడాదిది, ఐదేళ్లది అయితే ఎన్నిసార్లయినా రావచ్చు. అమెరికా పౌరులకు ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండే వీలుంది. ఆమెది 30 రోజులదే అయితే వచ్చేసారి ఐదేళ్లదే తీసుకోమనండి. ఏటా అవ్వ దగ్గరికి రావలసిన పిల్లకు 30 రోజుల వీసా ఏమిటి?

అసలు చిక్కు రోజులతో కాదు, ద్వారంతో. ఈ-వీసాతో ఎక్కడ పడితే అక్కడ దేశంలోకి రానివ్వరు. ప్రభుత్వం ప్రకటించిన విమానాశ్రయాలు, ఓడరేవుల వంటి నిర్దిష్ట ద్వారాల జాబితా ఒకటి ఉంది. వాటి గుండా వస్తేనే అది చెల్లుతుంది. బయటికి వెళ్లడానికి మాత్రం ఈ షరతు లేదు, ఇమ్మిగ్రేషన్ చెక్‌పోస్టు ఉన్న ఏ దారినైనా వెళ్లవచ్చు. ఇందులోని ప్రమాదం మీకు అర్థమై ఉంటుంది. వెళ్లేటప్పుడు సునౌలిలో పిల్లను నవ్వుతూ పంపిస్తారు. సునౌలి ఆ జాబితాలో లేకపోతే, పది రోజుల తరువాత అదే గేటు దగ్గర "ఈ వీసా ఇక్కడ చెల్లదు" అంటారు. అప్పటికి మీ అందరికీ గోరఖ్‌పూర్ నుంచి రైలు రిజర్వేషన్లు ఉంటాయి, రైలు వెళ్లిపోతుంది. ఆ ద్వారాల జాబితా పెరుగుతూ వస్తోంది, కాబట్టి టికెట్లు తీసే రోజున భారత ప్రభుత్వ ఈ-వీసా వెబ్‌సైటులో చూడాలి. ఆ పేరుతో దళారుల వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర gov.in ఉందో లేదో చూసుకోమనండి.

నన్నడిగితే జాబితాలో ఏముందన్న మీమాంసే పెట్టుకోవద్దు. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఖాట్మండు నుంచి ఢిల్లీకి విమానంలో రావాలి. ఢిల్లీ ఆ జాబితాలో మొదటి నుంచీ ఉన్న పేరు. మీరు నలుగురూ కావాలంటే నేల దారిన రండి, మోకాళ్లు ఒప్పుకోకపోతే మీరూ విమానమే ఎక్కండి. జీపు, రైలు ఖర్చుతో పోలిస్తే ఎక్కువే గానీ, ఆ పిల్ల సరిహద్దు బయట నిలబడిపోతే అయ్యే ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు.

అయినా అందరూ కలిసే సునౌలి దారిన రావాలని పట్టుదల ఉంటే రెండు మార్గాలున్నాయి. అమెరికాలోని కాన్సులేట్ ద్వారా పాస్‌పోర్టు మీద అంటించే మామూలు వీసా, అదీ పలుమార్లు రావడానికి వీలున్నది, తీసుకోవడం ఒకటి. భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు రెండోది. తల్లిదండ్రులు భారత పౌరులు కాబట్టి మీ మనవరాలు దానికి అర్హురాలే. అది జీవితాంతం చెల్లే ప్రవేశానుమతి, నేల సరిహద్దుల్లోని చెక్‌పోస్టుల దగ్గర కూడా పనికొస్తుంది. కానీ వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈ ప్రయాణానికి అందకపోవచ్చు, వచ్చే ప్రయాణానికైనా ఇప్పుడే పెట్టమనండి. ఓసీఐ ఉన్నవాళ్లలో ఒక అపోహ చూస్తుంటాను, భారతీయులతో సమానం కాబట్టి నేపాల్‌కు కూడా వీసా అక్కరలేదని. అది భారతదేశం ఇచ్చిన హక్కు. నేపాల్ దృష్టిలో అమెరికా పాస్‌పోర్టు అమెరికా పాస్‌పోర్టే.

ఆ నేపాల్ వీసా గురించి కంగారు పడనవసరం లేదు. అక్కడికి చేరాక సరిహద్దు దగ్గరే ఇస్తారు. 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125. మీ ప్రయాణానికి 15 రోజులది చాలు. ముందుగా వాళ్ల ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైటులో దరఖాస్తు నింపి, అచ్చు తీసి పట్టుకెళితే వరసలో నిలబడే సమయం తగ్గుతుంది. రుసుము డాలర్ల నోట్లుగానే ఉంచుకోండి, ఒకటి రెండు ఫొటోలు కూడా. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు, ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో ఇప్పుడే చూడమనండి.

సునౌలి దగ్గర అప్రమత్తంగా ఉండాలి. సునౌలి ఉత్తరప్రదేశ్‌లోని మహరాజ్‌గంజ్ జిల్లాలో ఉంది, అవతల నేపాల్ వైపు ఊరు బెలహియా. సరిహద్దు అంటే ముళ్ల కంచె, తుపాకులు, వరసలో తనిఖీలు అనుకుంటే పొరపాటు. దుకాణాలతో, రిక్షాలతో, లారీలతో కిటకిటలాడే బజారు వీధి అది. రెండు దేశాల జనం ముద్రలు ఏవీ వేయించుకోకుండా అటూ ఇటూ నడిచిపోతుంటారు. మీ జీపు డ్రైవరు కూడా కార్డులు చూపించి నేరుగా పోనిస్తాడు. మీ ఐదుగురికీ అది బాగానే ఉంటుంది. మీ మనవరాలికి మాత్రం అది అనుమతి లేకుండా దేశం దాటినట్టు అవుతుంది. ఆమె పాస్‌పోర్టు మీద ముందు భారత ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో బయటికి వెళ్లిన ముద్ర పడాలి, తరువాత బెలహియాలో నేపాల్ వీసా, లోపలికి వచ్చిన ముద్ర పడాలి. మన కార్యాలయం వీధి పక్కన ఉంటుంది, వెతకకపోతే దాటిపోతారు. డ్రైవరుకు గోరఖ్‌పూర్‌లోనే చెప్పండి: విదేశీ పాస్‌పోర్టు ఉంది, రెండు చోట్లా ఆపాలని. ఈ ముద్రలు లేకపోతే ఖాట్మండు విమానాశ్రయంలో "ఈ అమ్మాయి నేపాల్‌లోకి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

తల్లి వెంట లేదు కాబట్టి, కూతురిని తండ్రితో ఇండియాకూ నేపాల్‌కూ పంపుతున్నానని కోడలు రాసి, నోటరీ చేయించిన ఉత్తరం ఉండాలి. పిల్ల జనన పత్రం నకలు కూడా ఉండాలి. అమెరికాలో పుట్టిన మన పిల్లల పాస్‌పోర్టుల్లో తండ్రి పేరు ఉండదు. ఇంటిపేరు స్థానంలో ఒకచోట తండ్రి సొంత పేరు, ఒకచోట అసలు ఇంటిపేరు చేరి తండ్రికీ కూతురికీ సంబంధమే కనిపించని సందర్భాలు తెలుగువాళ్లలో ఎక్కువ. జనన పత్రం ఆ ముడి విప్పుతుంది.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. మనవరాలు మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, విదేశీయురాలికి బస ఇచ్చినవారిగా 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో తెలియజేసే బాధ్యత మీది. సి ఫారం అని అందరూ పిలిచేది ఇదే. పుట్టపర్తి హోటళ్ల వాళ్లు రోజూ చేసే పనే. అది హోటళ్లకు మాత్రమే అనుకుంటారు గానీ సొంత ఇళ్లకు కూడా వర్తిస్తుంది. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి, 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త వలస, విదేశీయుల చట్టం అమలులోకి వచ్చింది. అందులో కూడా బస ఇచ్చేవారి బాధ్యత అలాగే ఉంది. సొంత మనవరాలి గురించి పోలీసులకు చెప్పడమేమిటని మీకు అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా పావుగంట పని, అబ్బాయి చేత చేయించేయండి.

మిగతావి చిన్న విషయాలు. మన జీపుతో నేపాల్‌లో తిరగాలంటే దానికి అక్కడి కస్టమ్స్ అనుమతి, రోజుల లెక్కన రుసుము ఉంటాయి. బెలహియాలో దిగి నేపాల్ బండి మాట్లాడుకోవడమే హాయి. మన రూపాయికి అక్కడి 1.60 రూపాయలు, ఈ లెక్క 1993 నుంచి మారలేదు. పెద్ద నోట్ల మీద అక్కడి నియమాలు మారుతూ వచ్చాయి కాబట్టి 100 రూపాయల కట్టలు పట్టుకెళ్లండి. 2024 నుంచి మన యూపీఐ అక్కడి చాలా దుకాణాల్లో పనిచేస్తోంది గానీ ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ కొండల్లో సిగ్నల్‌ను నమ్ముకోలేం. ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది. అందులోకి వెళ్లే అనుమతి పత్రం పోఖరాలో తీసుకోవాలి. సార్క్ దేశాల వారికి 1,000 నేపాలీ రూపాయలు, ఇతర విదేశీయులకు 3,000. ఇక్కడ కూడా మీ మనవరాలు రెండో వరసలోనే నిలబడుతుంది. పోఖరా నుంచి ముక్తినాథ్‌కు దగ్గరి విమానాశ్రయం ఉన్న జోమ్‌సోమ్‌కు విమానం ఎక్కితే గడియారం పావుగంట ముందుకు తిప్పుకోండి, నేపాల్ సమయం మనకంటే అంత ముందు ఉంటుంది.

తిరుమల కొండ 850 మీటర్లకు అటూ ఇటూ. ముక్తినాథ్ 3,700 మీటర్లు దాటిన ఎత్తులో ఉంది. అక్కడి 108 ధారల కింద తడవాలన్న ఉత్సాహం మీవారికి ఉండే ఉంటుంది, ఆ నీరు మంచు కరిగి వచ్చేది. 71 ఏళ్ల గుండె గురించి ప్రొద్దుటూరులోనే డాక్టరును అడిగి, మధ్యలో ఒక రాత్రి ఆగి పైకి వెళ్లండి. సునౌలి దాటాక లుంబిని దగ్గరే, ఒక పూట కేటాయించండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద శాసనాలు చెక్కించిన అశోకుడే అక్కడ బుద్ధుడు పుట్టిన చోట స్తంభం నిలబెట్టాడు. పదో తరగతి మనవడికి చరిత్ర పాఠం అక్కడ చెప్పవచ్చు.

భూటాన్ ఇంత తెరిచిన ఇల్లు కాదు. భారతీయులకు వీసా లేకపోయినా ప్రవేశ అనుమతి పత్రం తీసుకోవాలి, దానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అడుగుతారు. పిల్లలకు జనన పత్రం పట్టుకెళ్లండి. భారతీయులు ఒక్కొక్కరు రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిర అభివృద్ధి రుసుము కట్టాలి. హోటల్ ఖర్చు దానికి అదనం. మనవరాలు వస్తే ముందుగానే భూటాన్ వీసా తీసుకోవాలి, ఆమె రుసుము డాలర్లలో. పెద్దవాళ్లకు రాత్రికి 100 డాలర్లు, 12 ఏళ్ల లోపు పిల్లలకు తగ్గింపు ఉంది. వచ్చే ఏడాదికి ఆమెకు 13 నిండుతాయి కాబట్టి పూర్తి రుసుమే లెక్కవేసుకోండి. అందుకే కడప పోస్టాఫీసుకు చెల్లెలిగారినీ మనవడినీ తీసుకెళ్లే రోజున మీరిద్దరూ కూడా మీ దరఖాస్తులు పెట్టేయండి. 60 దాటినవారికి రుసుములో పది శాతం తగ్గింపు ఉంది.